పళ్ల క్లినిక్‌లో నేను బిగించిన లైటు

రెండేళ్ల కిందట మా ఆవిడ మచిలీపట్నంలో పళ్ల క్లినిక్ తెరిచింది. ఫాల్స్ సీలింగ్‌లో లైట్లు పెట్టడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలుద్దామంటే నేను ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లుగా కాలేజీలో కరెంటు పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఆరు లైట్లు బిగించలేనా అనుకున్నాను. బెజ్జాలు కాస్త పెద్దవయ్యాయి. లైట్ల అంచులు వాటిని కప్పేయడంతో ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. మిగిలిన వైరు కూడా పైనే చుట్టి పెట్టాను.

తొలి పేషెంటు మంగినపూడి నుంచి వచ్చిన చేపల వ్యాపారి, అరవై దాటిన పెద్దాయన. ఇంజెక్షన్ ఇచ్చి ఆవిడ పన్ను పీకబోతుండగా పైనున్న లైటు ఊడి, వైరుతో సహా జారి, ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఆగింది. బయట బెంచీ మీద నలుగురు చూస్తున్నారు. నేను గుమ్మంలో ఉన్నాను.

ఆయన మాత్రం చెయ్యెత్తి లైటును పక్కకు పట్టుకున్నాడు.

"మీరు కానివ్వండి డాక్టరుగారూ, ఇది నేను పట్టుకుంటాను."

పన్ను వచ్చాక, నోట్లో దూదితోనే పైకి చూశాడు. "బెజ్జం పెద్దదైపోయిందండీ. లైటును పట్టి ఉంచే స్ప్రింగులు ఆనలేదు. ఎవరు బిగించారు?"

"మావారేనండీ. ఫిజిక్స్ లెక్చరర్."

ఆయన నోట్లో దూది సర్దుకున్నాడు. "మా అల్లుడు పదో తరగతి తప్పాడండీ. రేపు పంపిస్తాను."

మర్నాడు ఆ అల్లుడు పెద్ద సైజు లైట్లు తెచ్చి గంటలో బిగించాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. పాఠం చెప్పడం వేరు, పని చేయడం వేరని అప్పుడు తెలిసింది. ఈ విషయం గురించి మా ఆవిడ ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు. నాకు ఇప్పటికీ భయం అదే.