ముందు ఏది కావాలి?

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ నాడక్క. ఆన్ కాని లాప్‌టాప్ చేతికిస్తే ఊరికే బటన్ నొక్కుతూ కూర్చోదు. వెనక మూత విప్పి, హార్డ్ డిస్క్‌కి కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటుంది. లోపల పళ్ళెం తిరుగుతోందా, మొరాయిస్తోందా, గీసుకుంటోందా అన్నది ఆ పిడిలోంచే వింటుంది. నాడి చూడటం అంటే అదే. పెద్ద షాపులవాళ్ళు చేతులెత్తేసిన డిస్కులు కూడా తిరిగి తిరిగి ఆమె బల్ల మీదికే వస్తాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అందుకే కాస్త గర్వం కూడా ఉంది.

షాపు మేనమామది. ఆయన మొదట్లో రేడియోలు, తర్వాత కంప్యూటర్లూ బాగుచేసేవాడు. పోతూ పోతూ మేనకోడలికి ఆ బల్లా, ఒక నోటు పుస్తకం అలవాటూ, ఒక మాటా వదిలి వెళ్ళాడు. "నోరు ఎలాగూ అబద్ధమాడుతుంది, దాన్నెవరూ ఆపలేరు. చెయ్యి మాత్రం ఆడకూడదే." ఎప్పుడో ఒక పెద్దమనిషి తన ఫైళ్ళు దొంగిలించారని వీధంతా ఏకం చేశాట్ట. అప్పట్నుంచీ ఒక్కో పనికి ఒక్కో పేజీ. డిస్క్‌లోంచి ఏది ముందు వస్తే అది ముందు, ఏది తర్వాత వస్తే అది తర్వాత, వచ్చింది వచ్చినట్టు రాయాలి. తీసుకెళ్ళేవాళ్ళు ఆ పేజీ చదువుకుని సంతకం పెట్టాలి. పేజీ తీసి ముందుకు జరిపే పని అత్తది. అత్త అంటే మేనమామ భార్య. ఆమె రోజంతా కౌంటర్ దగ్గర కూర్చుని కేబుళ్ళు చుట్టలు చుడుతూ, వచ్చేపోయే వాళ్ళకి పేర్లు పెడుతూ ఉంటుంది.

నాడక్క మాత్రం వచ్చిన ప్రతివాళ్ళనీ ఒకే ప్రశ్న అడుగుతుంది. "ముందు ఏది కావాలి?" దెబ్బతిన్న డిస్క్ ఎంతసేపు తిరుగుతుందో బ్రహ్మకి కూడా తెలీదు. అన్నీ కావాలని ఆశపడితే ఒక్కటీ దక్కకపోవచ్చు. అందుకని ప్రాణం ఉండగానే ముఖ్యమైంది లాగేయాలి. ఈ ప్రశ్నకి మనుషులు చెప్పే జవాబులు వింటే నవ్వొస్తుంది, ఒక్కోసారి ఏడుపొస్తుంది. ఒకావిడ తల్లి గొంతు రికార్డు చేసిన ఫైల్ అడిగింది. రిటైరైన మాస్టారొకాయన, ఎవరెవరు తన పుస్తకాలు తీసుకుని ఎగ్గొట్టారో ఆ జాబితా ముందు కావాలన్నాడు. "ఫోటోలు పోతే పోయాయమ్మా, ఆ దొంగవెధవలు మాత్రం తప్పించుకోకూడదు" అన్నాడు. అత్త వారం రోజులు నవ్వింది.

ఇస్త్రీ చొక్కా వచ్చిన రోజు ఎవరూ నవ్వలేదు.

ఆ పేరూ అత్త పెట్టిందే. మడత నలగని తెల్ల చొక్కా, నెమ్మదైన గొంతు, మాటకి ముందోసారి వెనకోసారి 'అక్కా'. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, "మా చెల్లెలిదక్కా. చెయ్యి జారి పడింది. అప్పట్నుంచీ ఆన్ కావట్లేదు" అన్నాడు.

నాడక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కిందపడ్డ లాప్‌టాప్‌లు ఆమె వందల్లో చూసింది. పడితే మూల నలుగుతుంది, లేకపోతే అంచు పగులుతుంది. దీని నాలుగు మూలలూ కొత్తవాటిలా ఉన్నాయి. మూత నడిమధ్యన మాత్రం అర్ధచంద్రంలా సొట్ట. బొటనవేలితో దాని చుట్టూ తడిమింది. సరిగ్గా బూటు మడమంత ఉంది.

"ఎక్కణ్ణుంచి పడింది?"

"బల్ల మీంచి."

"కింద ఏమైనా ఉందా?"

"నేల ఉందక్కా" అన్నాడు, చిన్నగా నవ్వి.

"పాస్‌వర్డ్ చెప్తారా? అవసరం పడదులెండి, అయినా రాసుకుంటా."

"నాకు తెలీదు."

"చెల్లెల్ని అడిగి చెప్పండి."

"ఫోన్ ఎత్తట్లేదు."

అత్త కేబుల్ చుట్టడం ఆపింది. నాడక్క మామూలుగానే తన ప్రశ్న అడిగింది. "డిస్క్ బాగా దెబ్బతిన్నట్టుంది. ముందు ఏది కావాలి?"

"చివర్లో ఏమేం తెరిచిందో అవి. ఆఖరి నాలుగు రోజులవి చాలు."

"ఫోటోలూ అవీ..."

"వద్దు. మిగతావన్నీ పోయినా ఫరవాలేదు."

ఇరవై ఏళ్ళలో ఆ జవాబు ఎవరూ చెప్పలేదు. తన వస్తువు పోగొట్టుకున్నవాడు దాని పేరు చెప్తాడు. పేరు చెప్పలేనివాడు వస్తువు కోసం వచ్చినవాడు కాదు. ఇదంతా నాడక్కకి ఆ క్షణంలోనే తట్టింది. తట్టినప్పుడు లాప్‌టాప్ వెనక్కి ఇచ్చి పొమ్మనాలి. కానీ పని పిచ్చి ఉన్నవాళ్ళకి ఎదురుగా కొనఊపిరితో డిస్క్ కనబడితే బుద్ధి గడ్డి తింటుంది. ఇది తిరుగుతుందా తిరగదా అన్న ఒక్క ఆత్రంతో, "రేపు పదకొండింటికి రండి" అనేసింది.

మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుంది. మొదటిసారి కరెంటు ఇస్తే టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. కాసేపు చల్లారనిచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి ఊపిరి బిగబట్టింది. లోపల గీరుతున్న చప్పుడు వస్తూనే ఉంది, అయినా పళ్ళెం తిరిగింది. గబగబా ఆఖరి రోజుల ఫైళ్ళు కాపీ పెట్టింది. కళ్ళు తెర మీదే ఉన్నాయి, ఎడమ చెయ్యి కేబుల్ కదలకుండా పట్టుకుంది. కుడి చెయ్యి ఎప్పటిలాగే పుస్తకంలో తన పని తాను చేసుకుపోయింది. ఒకటి, ఇంటి అద్దె కాగితం. వీధి, ఇంటి గుర్తు, ఊరు, ఫైల్ పేరులో ఏముంటే అది.

రెండోది ఉత్తరం. వచ్చిన ఫైల్ సరిగ్గా తెరుచుకుంటోందో లేదో చూడటానికి ఒక్కటి మాత్రం తెరుస్తుంది ఆమె, ఎప్పుడూ చిన్నదే. ఉత్తరం చిన్నది కాబట్టి దాన్ని తెరిచింది.

ఒక బడి హెడ్మాస్టరుకి రాసిన ఉత్తరం అది. ఉద్యోగం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. సోమవారం వచ్చి చేరతాను. కింద ఇంకో నాలుగు ముక్కలు. 'మా అన్నయ్య వచ్చి అడిగితే నేను ఇక్కడ ఉన్నానని దయచేసి చెప్పకండి. చాలా మర్యాదగా అడుగుతాడు. పోయినసారి ఒకరు జాలిపడి చెప్పారు. నా చెయ్యి అతుక్కోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఈసారి చెయ్యితో ఆగనన్నాడు.'

నాడక్క కేబుల్ పీకేసింది. "అత్తా, ఇలా రా" అంది. అత్త వచ్చి కళ్ళజోడు సర్దుకుని చదివింది, మళ్ళీ చదివింది.

"తేనె పూసిన కత్తి" అంది అత్త. "నేను ముందే అనుకున్నా. చొక్కా అంత తెల్లగా ఉంచుకునేవాణ్ణి నమ్మకూడదు."

"ఏమీ రాలేదని చెప్దాం."

"వాడు ఇంకో షాపుకి పోతే?"

నాడక్కకీ ఆ భయమే పట్టుకుంది. ముందు తన కంప్యూటర్లో ఉన్న కాపీని తుడిచేసింది. మామూలుగా కాదు, తనలాంటివాళ్ళు కూడా మళ్ళీ వెలికి తీయలేనట్టు. తర్వాత డిస్క్‌కి కరెంటు ఇచ్చి, అది తిరుగుతుండగా స్క్రూడ్రైవర్ పిడితో నెత్తిన రెండు దెబ్బలు వేసింది. కీచుమంటూ కాసేపు గీసుకుని ఆగిపోయింది. ఎన్నో డిస్కులకి ప్రాణం పోసిన చేత్తో ఒకదాని ప్రాణం తీయడం అదే మొదలు. అయినా మనసు తేలికపడింది. ఆ పిల్ల బతికిపోయింది అనుకుంది. అత్త బల్ల సర్ది, పుస్తకం మూసి, ఎప్పుడూ ఉండే అరలో పెట్టింది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా పది నిమిషాలు ముందే వచ్చాడు. అదే తెలుపు, అదే మడత.

"ఏమీ రాలేదండీ" అంది నాడక్క. అద్దం ముందు ఆ మాట నాలుగుసార్లు అని అలవాటు చేసుకుంది పాపం. "డిస్క్ పూర్తిగా పోయింది. ఎక్కడికి తీసుకెళ్ళినా ఇంతే."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా రాలేదు."

"సరే అక్కా. మీరేం చేస్తారు" అన్నాడు. కోపం లేదు, విసుగు లేదు. నాడక్క వెనక్కి తిరిగి లాప్‌టాప్ మూత బిగించడం మొదలుపెట్టింది. సన్న స్క్రూలు పదకొండు. వేళ్ళు చెమట పట్టి జారుతున్నాయి.

అత్తకి మాత్రం వీడు ఎప్పుడు కదులుతాడా అని ఉంది. ఎవరైనా కదలాలంటే ఆ షాపులో ఒకే దారి. ఏళ్ళ అలవాటుకొద్దీ వేలు తడి చేసుకుని, పుస్తకం తీసి, పేజీ తిప్పి, పెన్ను పెట్టి ముందుకు జరిపింది. "ఇక్కడ సంతకం పెట్టండి బాబూ."

ఆయన వంగి చదివాడు. సంతకానికి ఇంతసేపేంటి అనుకుంది నాడక్క, తొమ్మిదో స్క్రూ బిగిస్తూ. తర్వాత పెన్ను గీసిన చప్పుడు వినబడింది.

"వస్తానక్కా. శ్రమ ఇచ్చాను."

పదకొండో స్క్రూ బిగించి తిరిగేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు. "లాప్‌టాప్ మర్చిపోయారు" అని పిలిచింది.

"ఉంచుకోండి" అన్నాడు ఆగకుండానే. "ఇక దాంతో నాకేం పని."

నాడక్క కౌంటర్ మీద పుస్తకం వైపు చూసింది. ఆమె రాతే. గుండ్రంగా, ఎవరికైనా అర్థమయ్యేట్టు, వీధి, ఇంటి గుర్తు, ఊరు. పక్కనే పొందిగ్గా సంతకం. అత్త కూడా చూసింది. 

"నేనే ఇచ్చానే పుస్తకం. ఈ చేత్తో నేనే ఇచ్చాను."

"రాసింది నేను" అంది నాడక్క. మామ మీద అంత కోపం ఆమెకి ఎప్పుడూ రాలేదు. తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

ఫోన్ చేద్దామంటే అద్దె కాగితంలో ఉండి ఉండాల్సిన నంబరు కాపీతో పాటే పోయింది. హెడ్మాస్టరు పేరూ, బడి పేరూ ఉత్తరంతో పాటే పోయాయి; చదివిన ఇద్దరికీ కింది ఆ నాలుగు ముక్కలు తప్ప ఏదీ గుర్తులేదు. ఎవరూ వెలికి తీయలేనట్టు తుడిచింది తనే. చచ్చిన డిస్క్‌కి మళ్ళీ కరెంటు ఇచ్చి చూసింది, మేకు కొట్టినట్టు కదల్లేదు. పోలీసులకి ఏమని చెప్పాలి? ఒక అన్న తన చెల్లెల్ని చూడ్డానికి వెళ్తున్నాడనా? చేతిలో మిగిలింది ఆ ఒక్క చిరునామా. అది ఆయన దగ్గరా ఉంది.

ఆ ఊరికి రోజుకి రెండే బస్సులు. పన్నెండింటికొకటి, సాయంత్రం ఒకటి.

ఆ షాపు షట్టరు పట్టపగలు దించడం వీధిలో వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. "నాడక్కా, ఎవరికేమైంది?" అని బట్టల కొట్టాయన అడుగుతున్నా ఆగలేదు. చేతిసంచీ ఒకటి భుజాన వేసుకుని, రొప్పుతూ, బస్సు కదలబోతుంటే ఎక్కింది. ఆయన తర్వాతి బస్సుకి వెళ్ళాలని, ఏదో పని పడి ఆగిపోవాలని బస్టాండు దాకా దారి పొడుగునా మొక్కుకుంటూనే వచ్చింది. ఎంత అమాయకత్వం.

మూడో వరసలో కిటికీ పక్కన తెల్ల చొక్కా.

ఆయన తల తిప్పి చూశాడు. ఆశ్చర్యపోలేదు. పక్క సీటు మీద ఉన్న తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చేత్తో సీటు దులిపాడు.

"రండక్కా, ఇక్కడ ఖాళీ ఉంది."

వెనక బోలెడు సీట్లు ఖాళీగా ఉన్నాయి. నాడక్క కాళ్ళు ఆ వైపుకే లాగాయి. ఒక్క క్షణం నిలబడింది.

"కిటికీ పక్కన కూర్చుంటారా?" అడిగాడు మర్యాదగా.

"వద్దు, మీరే కూర్చోండి" అంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. బస్సు కదిలింది. దిగాలంటే ఆయన ఆమెను దాటుకునే దిగాలి.