నారింజ దీపం

ఆ రోజుల్లో నాకు అవమానాలకు లోటుండేది కాదు. ఇప్పుడు తలచుకుంటే సగం వాటికి నవ్వొస్తుంది. మిగతా సగం ఇంకా విచారణలో ఉన్నాయి. ఇది మొదటి రకమని ఈమధ్యే ఒప్పుకున్నాను.

ఫిలింనగర్‌లో ఒక ఎడిటింగ్ స్టూడియోలో నెట్‌వర్క్ చూసుకునే కొత్త ఉద్యోగం. సినిమా చివర వచ్చే పేర్లలో నా పేరూ వేయిస్తానని మేనేజరుగారు మాటిచ్చారు. ఆ మాట అమ్మ ద్వారా ఎర్రగడ్డ మార్కెట్లో కూరగాయలావిడ దాకా వెళ్ళింది. ప్రతి అంతస్తులోనూ కంప్యూటర్లన్నిటినీ కలిపే డబ్బా ఒకటుంటుంది, దాన్ని స్విచ్ అంటారు. కింది అంతస్తు స్విచ్‌కీ పై అంతస్తు స్విచ్‌కీ మధ్య నేను రెండు కేబుళ్ళు వేశాను: ఒకటి గోడలోంచి, ఇంకోటి మెట్ల పక్కగా. మొదటిది తెగితే తప్ప రెండోది ఊరికే ఉండాలి. ఎందుకంటే స్విచ్‌ది ఫిలింనగర్ స్వభావమే. అందరికీ చెప్పాల్సిన కబురొకటి వస్తే, వచ్చిన దారి తప్ప మిగతా దారులన్నిటికీ చెప్పేస్తుంది. రెండు దారులూ తెరిచి ఉంటే ఆ కబురు షేక్‌పేట దాకా వెళ్ళి తిరిగొచ్చి, చెప్పినవాడికే కొత్తగా వినిపించి, వాడు మళ్ళీ చెప్పి... ఇక అంతుండదు. అందుకని స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని ఒకదాన్ని పెద్దదిక్కుగా ఎన్నుకుంటాయి. దాని దగ్గరికి ఒక్క దారే ఉంచి, అదనపు దారి మూసేస్తాయి. ఈ కట్టుబాటు పేరు స్పానింగ్ ట్రీ. మూసిన దారి దగ్గర నారింజ రంగు దీపం వెలుగుతుంది.

ట్రైలర్ పంపాల్సిన రోజునే మేనేజరుగారి కన్ను దాని మీద పడింది.

"ఏవయ్యా, అన్నీ పచ్చగా ఉంటే ఇదొక్కటి ఇలా ఏడుస్తోందేంటి? డైరెక్టరుగారి సెంటిమెంటు తెలుసుగా?"

"అది అలాగే ఉండాలి సార్."

"చేతకాదని చెప్పొచ్చుగా."

(ఈ వాక్యం నా దగ్గర భద్రంగా ఉంది.) పంతంకొద్దీ రెండు స్విచ్‌లలోనూ స్పానింగ్ ట్రీ ఆపేశాను. దీపాలన్నీ పచ్చబడ్డాయి. మరుక్షణం అన్నీ కలిసి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. "ఆహా, ఎంత కళగా ఉందో!" అని ఆయన మురిసిపోతుండగానే పైనుంచి ఎడిటరన్న కేక: "ఏం జేసినవ్ తమ్మీ? సిస్టంలన్నీ బిగుసుకపోయినయ్!"

ఒక కేబుల్ పీకి, స్పానింగ్ ట్రీ మళ్ళీ పెట్టి, ఆ కేబుల్ తగిలించేసరికి గంట పోయింది. "పచ్చగా పెట్టమన్నాను గానీ స్టూడియో ఆపమన్నానా?" అంటూ మేనేజరుగారు పేర్లలోంచి నా పేరు తీయించేశారు. (ఇదీ భద్రంగానే ఉంది.)

ఆ మధ్యాహ్నమే ఏసీ బిగించే మేస్త్రీ గోడకి రంధ్రం వేస్తూ లోపలి కేబుల్ తెగ్గొట్టాడు. నారింజ దీపాన్నే చూస్తూ నిలబడ్డాను. అర నిమిషానికి అది పచ్చబడింది, మెట్ల పక్క దారి తెరుచుకుంది. పరుగున పైకి వెళ్తే ఎడిటరన్న తీరిగ్గా చాయ్ తాగుతున్నాడు.

"జర సేపు ఆగింది, మల్ల నడుస్తుంది. ఫికర్ జెయ్యకు."

ట్రైలర్ వేళకే వెళ్ళింది. కేబుల్ తెగిన సంగతి మేనేజరుగారికి చెప్పాను.

"అన్నీ నడుస్తుంటే ఏం తెగిందయ్యా?" అన్నారు.

సినిమా విడుదలయ్యాక అమ్మా నేనూ హాల్లో చివరి పేరు దాకా కూర్చున్నాం. పేరు పోయిందని ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. లైట్లు వెలిగాయి.

"కళ్ళజోడు తేలేదురా, నీ పేరు సరిగ్గా కనపళ్ళేదు," అంది అమ్మ.

కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది. ఇన్నేళ్ళలో నేను ఫిర్యాదు చేయని అబద్ధం అదొక్కటే.