షేరుకు నేను చేసిన బర్రెల వైద్యం

నా డాక్టరీ ఎట్ల బంద్ అయిందో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి. నాకైతే ఇంక వస్తలేదు.

మీకు ఎరికే గదా, చాంద్రాయణగుట్ట కాడ మాకు ఏడు బర్రెలున్నయి. తాత నాటి సంది పాల దందా. ఎవరి బర్రె మేత ముట్టకున్నా, ఎవరి మేక కడుపుబ్బినా ముందు నా దగ్గరికే వస్తరు. నన్ను డాక్టర్ సాబ్ అంటరు. మొదట్ల పరాచికానికే అన్నరు. పోను పోను నేను నమ్మిన.

మా కుక్క పేరు షేరు. చిన్నప్పటి సంది బర్రెల కొట్టం కాడనే పంటది. పోయిన మంగళారం పొద్దుగాల లేచి చూస్తే కక్కుతుంది. ఫంక్షన్ హాల్ ఎనక పారేసిన బిర్యానీ తిన్నదని తెలుసు. "తిన్నది పోతది, గంతే" అన్న. పగటీలి వరకు నీళ్లు తాగినా ఆగుతలేవు, ఎంటనే కక్కుతుంది. మోషన్స్ కూడ నీళ్లలెక్కనే.

మా ఇంటామె లచ్చవ్వ ఊకోలే. "ఏందయ్యా, నీళ్లు కూడ నిలుస్తలేవు. దవాఖానకు తీస్కపోరాదు?"

"ఏడు బర్రెలను సాదుతున్న. గీ కుక్కను చూస్కోలేనా?" అన్న.

అసలు సంగతి ఏందంటే, డాక్టర్ సాబే కుక్కను పట్టుకొని డాక్టర్ కాడికి ఉరికితే గల్లీల ఇజ్జత్ ఏముంటది? గదీ నా ఫికర్.

ఇంక మొదలువెట్టిన. బర్రెకు పాణం బాగలేకుంటే చెవులు పట్టి చూస్తం, సల్లగుంటే ఏదో ఉన్నట్టు. షేరు చెవులు పట్టిన. వెచ్చగనే ఉన్నయి. "చూసినవా, ఏం లేదు" అన్న. వాము, ఇంగువ, బెల్లం ఏసి కషాయం కాచిన. ఎంత పోయాలె? బర్రెకు పోసేదాంట్ల సగం అని నేనే లెక్క కట్టిన. దవడ పట్టి సీసతోటి పోసిన. సగం నా అంగి మీద పడ్డది, సగం దాని గొంతుల పోయింది. దగ్గి దగ్గి అంత కక్కింది. సాయంత్రం ఇంట్ల మిగిలిన మోషన్స్ గోలీ ఒకటి మింగించిన. అది మనుషుల గోలీ.

బుధారం పొద్దుగాల షేరు లేవలే. పిలిస్తే తోక కొస ఇంత కదిలింది. కింద చూస్తే నెత్తురు. గట్లున్నా నా నోరు ఏమన్నదో తెలుసా? "వేడి చేసింది, మజ్జిగ పోద్దాం" అన్నది.

లచ్చవ్వ నా దిక్కు చూడలే. సీద పోయి పక్కింటి సలీమ్ భాయ్‌ని పిలిచింది. ఆయనది ఆటో. వచ్చి ఒక్క చూపు చూసిండు. "క్యా భాయ్, ఇంక ఏం సోచాయిస్తున్నవ్? ఉఠావ్, ఎత్తి ఆటోల ఎయ్యి" అన్నడు.

నయాపూల్ అవతల జంతువుల దవాఖాన. దారంత ట్రాఫిక్. షేరు తల నా ఒళ్లె ఉన్నది, బరువు లేదు. "బిడ్డా, జర సేపు ఆగు, వచ్చినం" అనుకుంట కూసున్న. మస్తు భయమైంది.

డాక్టరమ్మ చిన్న వయసామె. సలీమ్ భాయ్ నాకు మర్యాద చేద్దామనుకున్నడు పాపం. "మేడమ్, ఈయన కూడ డాక్టర్ సాబే, బర్రెలకు చూస్తడు" అన్నడు. నాకు అక్కడనే భూమిల పోవాలనిపించింది.

"మంచిది. మరి ఏం ట్రీట్‌మెంట్ ఇచ్చారు?" అని అడిగింది.

"నీళ్లు తాపిన, గంతే."

ఎనక నుంచి లచ్చవ్వ మొదలువెట్టింది. వాము, ఇంగువ, బెల్లం, సీస, గోలీ, ఒక్కటి ఇడువలే. డాక్టరమ్మ రాసుడు ఆపింది. షేరు పెదవి లేపి చూపిచ్చింది, చిగుళ్లు తెల్లగ పాలిపోయినయి. మెడ మీద తోలు పట్టి ఇడిచింది. లేచిన తోలు లేచినట్టే ఉన్నది, కిందికి దిగలే.

"చూశారా, ఒంట్లో నీళ్లు లేవు. తాగిన నీళ్లు కూడా నిలవట్లేదంటే నిన్ననే తేవాల్సింది. రక్తం కనిపించాక గంట కూడా ఆగొద్దు. కక్కే కుక్కకు దవడ పట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషుల గోలీలు అసలే వేయొద్దు."

"బర్రెకైతే మేడమ్..." అన్న.

"ఇది కుక్కండి" అన్నది.

అందరికీ కనిపించే ముచ్చటనే. నాకు ఒక్కనికే చెప్పవలసి వచ్చింది.

మూడు దినాలు సెలైన్ ఎక్కించిన్రు. మొదటి దినం బతుకుతదో లేదో చెప్పలేమన్నరు. దవాఖాన మెట్ల మీద కూసోని ఏడ్చిన. సిగ్గేముంది, నా చేతులతోనే చేసిన గదా. శనివారం నాడు లేచి నిలబడ్డది.

ఇప్పుడు ఇంట్లనే ఉన్నది. మెత్తటి బువ్వ, ఉడకవెట్టిన కోడి. లచ్చవ్వ పెడితే తింటది. సలీమ్ భాయ్ పెడితే తింటది. సూదులిచ్చిన డాక్టరమ్మను చూస్తే తోక ఊపుతది. నేను గిన్నె పట్టుకొని పోతే మాత్రం ఒకసారి వాసన చూస్తది, ఒకసారి నా మొకం చూస్తది, పోయి మంచం కింద దూరుతది. దూరం నిలబడ్డా అంతే, నేను కనపడితే మూతి పెడ్తలేదు.

అందుకే పొద్దుగాల గిన్నె లచ్చవ్వకిచ్చి నేను గల్లీలకు పోతున్న. "ఏందన్నా, ఇంటి బయట నిలబడ్డవ్?" అని పోయేటోళ్లు అడుగుతరు.

"మా కుక్క తింటుంది, అయినంక లోపలికి పోత" అంటున్న.