అయిదు అంకెల మీటరు

కిందటి నెల ఎస్తేరు గుడివాడ నుంచి తెచ్చి నా చేతిలో పెట్టిన ప్లాస్టిక్ సంచి ముడి విప్పగానే ముందుగా వాసన వచ్చింది. గ్రీజు, పెట్రోలు, ఎండకు కాగిన రెగ్జిన్ సీటు, వాటి అడుగున ఎక్కడో సన్నగా కిరసనాయిలు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి వాసన ఒక సంచిలో ఇంత కాలం ఎలా నిలిచి ఉందో నాకు అర్థం కాలేదు. లోపల ఉన్నవి రెండే: అట్ట ఊడిన ఒక నోటు పుస్తకం, బొటనవేలంత గంట ఒకటి. గంట మీద బంగారు మెరుగు చాలా చోట్ల అరిగి కింది రాగి కనబడుతోంది. ఎస్తేరు దానియేలు మావయ్య కూతురు. మావయ్య పోయి అప్పటికి రెండు నెలలు. పోయే ముందు ఈ రెండూ నాకే ఇమ్మన్నాడట. ఎందుకో ఆమెకు తెలియదు. పుస్తకం చూడగానే నాకు మాత్రం తెలిసింది.

మాది బందరులో చిలకలపూడి. మా వీధిలో ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు తల వంచుకుని రోల్డుగోల్డు గాజులకో గొలుసులకో మెరుగు పెడుతూ ఉండేవారు. వేసవి పొద్దుటిపూట సముద్రం గాలి, కొలిమి బొగ్గుల పొగ, నగలు కడిగే యాసిడ్ ఘాటు కలిసి ముక్కుపుటాలు మండించేవి. వానాకాలంలో బొగ్గులు చెమ్మగిల్లి పని నడవకపోతే పెద్దవాళ్ళు వేయించిన శనగలు నములుతూ కబుర్లు చెప్పుకునేవారు, మేము ఆడపిల్లలం అదే అరుగు చివర గచ్చకాయలు ఆడుకునేవాళ్ళం. మా నాన్న రాగి మీద బంగారు రేకు అతికించడంలో నేర్పరి. ఆయన ఎప్పుడూ ఒకటే అనేవాడు, ఒక్క గొలుసు ఆరు నెలలకే నల్లబడిందంటే ఆ గొలుసు చేసినవాడి పేరే కాదు, వీధి మొత్తం పేరు పోద్దని. నేను ఎన్ని గొలుసులు వెనక్కి వచ్చాయో గోడ మీద బొగ్గుతో గీతలు గీసేదాన్ని. లెక్క పెట్టడమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఆకలి లాంటిది. వీధిలో అరుగులు నలభై ఒకటి, బడికి అడుగులు పద్నాలుగు వందల ఇరవై, ఇలా ఎవరికీ అక్కర్లేని లెక్కలన్నీ నా దగ్గర ఉండేవి.

నేను ఐదో తరగతిలో ఉండగా మా వీధి చివర డాక్టరమ్మ గారింటికి తెల్లటి జపాన్ కారు వచ్చింది. ఆవిడ తమ్ముడు గల్ఫు దేశంలో కొన్నాళ్ళు వాడి, ఓడ మీద పంపించాడు. ఆ కంపెనీ పేరు రాయను. ఇప్పుడు గుడివాడ రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే దాని కార్లు నాలుగైనా లెక్క పెట్టవచ్చు. అప్పట్లో బందరు మొత్తానికి అదొక్కటే. మా ఎరుకలో కారు అంటే నలుగురు దిగి తోస్తే గాని కదలనిది. ఇది తాళం తిప్పీ తిప్పకముందే, పిల్లి గురక పెట్టినట్టు, మెల్లగా లేచేది. మొదటి వారం దాన్ని చూడడానికి వచ్చినవాళ్ళను నేను లెక్కపెట్టాను, రెండు వందల పదహారు మంది.

దాన్ని నడిపేది దానియేలు మావయ్య. మా పక్కిల్లే. మాకు చుట్టం కాదు, ఆయన క్రైస్తవుడు, మేము విశ్వబ్రాహ్మణులం, అయినా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మావయ్యే. క్రిస్మస్‌కు వాళ్ళింట్లో వండిన అరిసెలు, గవ్వలు స్టీలు డబ్బాలో మా ఇంటికి వచ్చేవి, ఆ డబ్బా మా దీపావళి మిఠాయితో తిరిగి వెళ్ళేది. ఆయన తెల్ల చొక్కా మడత నలిగేది కాదు. పొద్దున్నే కారును తడిగుడ్డతో ముందు, పొడిగుడ్డతో తర్వాత, చివరికి తన పాత పంచె ముక్కతో తుడిచి, బానెట్ మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవాడు.

ఆ కంపెనీ చరిత్ర నేను మొదట విన్నది ఆయన నోటే. డాక్టరమ్మ గారి తమ్ముడు చెప్పిన దాన్ని ఆయన తనదైన తీరులో మాకు చెప్పేవాడు. ఆ కార్లు చేసేవాళ్ళు అసలు మగ్గాలు చేసేవాళ్ళట. మన పెడన మగ్గాల లాంటివే. వాళ్ళ మగ్గంలో ఒక్క దారం తెగినా మగ్గం తనంతట తానే ఆగిపోయేదట, తప్పు నేత ఒక్క అంగుళం కూడా ముందుకు సాగకుండా. తర్వాత ఆ మగ్గాలు చేసినాయన కొడుకు కార్ల పనిలోకి దిగాడట. ఒకప్పుడు జపాను సరుకంటే లోకమంతా నవ్వేదని, మూణ్ణాళ్ళ ముచ్చటని అనేదని, ఆ పేరు మార్చుకోవడానికి వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారని చెప్పేవాడు. కర్మాగారంలో పని జరిగే వరుస పొడుగునా ఒక తాడు వేలాడుతుంది. నిన్న చేరిన కుర్రాడికైనా సరే, ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపిస్తే ఆ తాడు లాగవచ్చు. లాగితే వరుస ఆగుతుంది. లాగినవాణ్ణి ఎవరూ తిట్టరు, పైగా మంచి పని చేశావంటారు.

ఈ మాట మావయ్య మనసులో ఎంత నాటిందంటే, తన కారులోనూ ఒక తాడు కట్టాడు. వెనక సీటు పక్క నుంచి ముందు సీటు దాకా సన్నటి నవారు తాడు, ఆయన చెవి దగ్గర ఒక గంట. ఆ గంట చేసింది మా నాన్నే. జపాన్ బండికి ఊరికే రాగి గంట ఏమిటని దానికి బంగారు రేకు కూడా వేశాడు. చప్పుడు తేడాగా వినిపించినా, వాసన వచ్చినా, చక్రం కొట్టుకున్నా ఎవరైనా లాగవచ్చు. నేను ఒకసారి బాతు అరుపు విని ఇంజనులో ఏదో అయిందనుకుని లాగాను. మావయ్య కారు ఆపి, దిగి, బానెట్ ఎత్తి చూసి, వచ్చి కూర్చుని, "బాతేనమ్మా. అయినా లాగావు చూడు, అదీ పద్ధతి" అన్నాడు.

ఆయనకు చదువు అంతంత మాత్రం. అంకెలు గుర్తుపట్టేవాడు గానీ కూడికలు, తీసివేతలు తలనొప్పి. అందుకని కారు పుస్తకం నాకిచ్చాడు. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు పోశారు, ఆయిలు ఎప్పుడు మార్చాలి, అన్నీ నేను రాసేదాన్ని. భాగహారం నాకు బడిలో రాలేదు, ఆ పుస్తకంలో వచ్చింది. మావయ్య నన్ను లెక్కల మాస్టారూ అని పిలిచేవాడు. పదేళ్ళ పిల్లను పట్టుకుని వచ్చేపోయేవాళ్ళందరి ముందూ అలాగే పిలిచేవాడు.

ఇంజను లోపల ఒక బెల్టు ఉంటుందని, అది అరవై వేల కిలోమీటర్లకు మార్చకపోతే తెగి ఇంజను పాడవుతుందని డాక్టరమ్మ గారి తమ్ముడు ఉత్తరంలో రాశాడు. కిందటిసారి నలభై రెండు వేల దగ్గర మార్చామని బానెట్ కింద చీటీ అతికించి ఉంది. నేను కూడాను. లక్షా రెండు వేలు. పుస్తకం చివరి పేజీలో పెద్ద అంకెలతో 'బెల్టు 1,02,000' అని రాసి చుట్టూ గడి కట్టాను. కూడిక సరైనదే. ఆ కారు మీటరులో అంకెలు అయిదే ఉన్నాయన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

ఏడో తరగతిలో, క్రిస్మస్ వెళ్ళిన మూడో వారం, ఒక శనివారం సాయంత్రం గుడివాడ నుంచి బందరు వస్తుండగా మీటరు తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదికి చేరింది. నేను చూడాలని మావయ్య నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. రోడ్డుకు రెండు పక్కలా కుప్పలు వేసిన వరి, గడ్డి వాసన, కాలవ గట్టు మీద ఎర్రటి ఎండ. అయిదు తొమ్మిదులూ ఒకేసారి కదిలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ అయిదు సున్నాలయ్యాయి. కారు ఆపి ఇద్దరం మిగిలిన అరిసెలు తిన్నాం. బండి మళ్ళీ కొత్తగా పుట్టిందని మావయ్య సంబరపడ్డాడు. ఆ రోజు నుంచి ఆయన రోజూ మీటరు చూసేవాడు, నా గడిలో అంకె చూసేవాడు, ఇంకా లక్ష పైన ఉంది లెమ్మని తృప్తిగా పుస్తకం మూసేవాడు.

మార్చిలో ఒక రోజు లెక్కల క్లాసులో పదకొండు గంటలకు బయలుదేరిన బస్సు నాలుగు గంటలు నడిస్తే గడియారం ఎంత చూపిస్తుందని అడిగారు. ఎవరో పదిహేను అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ క్షణంలో నాకు కారు మీటరు కనబడింది. ఆ మీటరు లక్షా రెండు వేలు ఏనాటికీ చూపించదు. రెండు వేలే చూపిస్తుంది, అది దాటిపోయింది కూడా.

బడి వదలగానే పరుగెత్తాను. మీటరు 3,150. మావయ్య డాక్టరమ్మ గారి వరండా ముందు ఎవరో పెద్దమనిషితో మాట్లాడుతున్నాడు. నన్ను చూడగానే ఆయనకు చూపించి అన్నాడు, "ఈ అమ్మాయేనండీ మా లెక్కల మాస్టారు. రెండేళ్ళలో ఒక్క అంకె తప్పలేదు. ఈ పిల్ల ఉన్నంతకాలం బండికి ఢోకా లేదండి."

చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. ఇంటికి వెళ్ళి లెక్క కట్టాను. దాటింది పదకొండు వందల యాభై, అరవై వేలలో నూటికి రెండు కూడా కాదు. జపాన్ బండి, దానికి చెడిపోవడం రాదు, నూటికి రెండు ఒక లెక్కా? ఆ కారు చేసినవాళ్ళు ఎన్నో ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరును నా తప్పు కింద ఆనించి నిలబెట్టాను. వారం వారం శాతం పెరుగుతూ పోయింది. నూటికి నాలుగు, ఆరు, తొమ్మిది. ఆ అయిదు నెలల్లో ఎన్నోసార్లు ఆ కారు ఎక్కాను. తాడు నా ముఖం ముందే ఊగుతూ ఉండేది. బాతు అరుపుకు లాగినదాన్ని, దీనికి లాగలేదు.

డాక్టరమ్మ గారు ప్రతి గురువారం దివిసీమ వెళ్ళేవారు. పాలకాయతిప్ప దగ్గర చేపలు పట్టేవాళ్ళ పేటలో ఒక తాటాకు పాక కింద బల్ల వేసుకుని సాయంత్రం దాకా మందులిచ్చేవారు. ఆగస్టులో ఒక గురువారం తిరిగి వస్తుండగా వానలో కోడూరు దాటాక కారు చప్పుడు లేకుండా ఆగిపోయింది. మీటరు 9,412. నూటికి పన్నెండు పైచిలుకు. ట్రాక్టరుకు కట్టి అవనిగడ్డ, అక్కడి నుంచి గుడివాడ షెడ్డుకు చేర్చారు. సామాను ఎక్కడెక్కడి నుంచో రావాలన్నారు.

మూడో రోజు నేను డాక్టరమ్మ గారి మెట్ల మీద గచ్చకాయలు ఆడుతున్నట్టు కూర్చున్నాను. గుడివాడ మెకానిక్కు అంతా విడమర్చి చెప్పాడట. ఆవిడ గొంతు పెంచలేదు.

"గడువు దాటి ఏడు వేలు తిరిగిందట. పుస్తకంలో రాసుకోలేదా దానియేలూ?"

పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. దాన్ని రెండుగా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"రాసుకున్నానండి అమ్మగారూ. నేనే సరిగా చూసుకోలేదు."

ఆయన నా వైపు చూడలేదు. నేను గచ్చకాయలు లెక్కపెట్టాను. అయిదు. మళ్ళీ లెక్కపెట్టాను. అయిదే.

ఆ నెలాఖరుకు మావయ్య పని మానేశాడు. మానిపించారని కొందరు, తనే మానాడని కొందరు అన్నారు. సంసారంతో గుడివాడ వెళ్ళి ఆటో తోలుకున్నాడు. ఊళ్ళో జపాన్ బండి మీద నవ్వులు మొదలయ్యాయి. మా నాన్న కొలిమి దగ్గర కూర్చుని, బాధగానే, అదీ మన సరుకు లాంటిదే అన్నమాట, పై మెరుగే అన్నాడు. ఆ కారులో లోపమేమీ లేదని, తప్పు నా లెక్కదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, పక్కన కూర్చుని బొగ్గులు అందిస్తున్నాను. డిసెంబరులో కారు బాగుపడి వచ్చింది. ఈలోగా పాలకాయతిప్పకు డాక్టరు వెళ్ళని గురువారాలు పదిహేడు. ఆ పదిహేడు గురువారాల్లో ఆ పాక కింద ఎవరు వచ్చి ఎదురుచూసి వెళ్ళారో, ఎవరికి ఏమైందో నేను ఎన్నడూ ఆరా తీయలేదు. నా జీవితంలో కావాలని కట్టని లెక్క అదొక్కటే.

కాలేజీ మెట్లు ఎక్కకపోయినా, లెక్కల వల్లే నేను బతికాను. బందరు మిల్లులో ధాన్యం బస్తాల లెక్క నేను వేస్తే ఎవరూ తిరిగి చూడరు. పన్నెండేళ్ళ కిందట మిల్లు పని మీద వెళ్తే గుడివాడ స్టేషను బయట మావయ్య ఎదురుపడ్డాడు. తల పూర్తిగా నెరిసింది, చొక్కా మడత మాత్రం అలాగే ఉంది. తోటి ఆటోవాళ్ళను పిలిచి, "ఈవిడెవరనుకున్నారు, మా లెక్కల మాస్టారు" అన్నాడు. రెండోసారి కూడా నేను చెప్పలేదు. టీ తాగి వచ్చేశాను.

ఎస్తేరు ఎదురుగా కూర్చుని ఉండగా పుస్తకం చివరి పేజీ తీశాను. నా పిల్లరాత, నా గడి, 'బెల్టు 1,02,000'. దాని పక్కన పెన్సిలుతో, వంకరగా, పెద్దగా, చెయ్యి తిరగని మనిషి రాత: 02000. ఆయనకు తెలుసు. గుడివాడ షెడ్డులోనే తెలిసిపోయి ఉంటుంది. వరండాలో నిలబడ్డప్పుడు తెలుసు, స్టేషను బయట నన్ను మాస్టారని పిలిచినప్పుడూ తెలుసు.

"అందులో ఏముందండీ?" అని అడిగింది ఎస్తేరు. "నాన్న మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. అమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ దెప్పేది, నీ అజాగ్రత్త వల్లే బందరులో అన్నం పోయిందని. నాన్న ఒక్క మాట తిరిగి అనేవాడు కాదు."

గంటను చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు చెప్పాను, అయిదు అంకెల సంగతి, 3,150 సంగతి, మెట్ల మీద గచ్చకాయల సంగతి, అన్నీ. ఎస్తేరు పుస్తకం తన వైపు తిప్పుకుని వాళ్ళ నాన్న రాసిన అంకెల మీద వేలు ఆనించింది. నన్ను తిట్టలేదు, ఫరవాలేదని కూడా అనలేదు.

"ఇప్పుడు నాకు చెప్పినట్టే రాసివ్వండి" అంది. "మా అన్నయ్య కూడా అమ్మ మాటే నమ్మాడు. చదివి వినిపించాలి."

ఇప్పుడు కార్లలో తిరిగే అంకెల చక్రాలు లేవు. గడువు వస్తే అద్దం కింద దీపం వెలిగి బండే చెబుతుంది, ఎవరూ తాడు లాగనక్కర్లేదు. చిలకలపూడిలో మా వీధి అరుగులు నలభై ఒకటిలో మిగిలినవి ఆరు. డాక్టరమ్మ గారి వరండా ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఎస్తేరు అడిగిన కాగితం ఇదే. అంకెలన్నీ రెండుసార్లు సరిచూశాను.