తక్కువ యూనిట్ల ఇల్లు

ఏడో తరగతికి కరెంటు పొదుపు పాఠం చెప్పడానికి నాకు నాలుగు బుధవారాలు ఇస్తామన్నారు. ఇచ్చింది రెండు. మిగతా రెండూ వార్షికోత్సవం డాన్సులకు పోయాయి. అది అన్యాయమని కోఆర్డినేటర్ మేడమ్‌కి కాగితం మీద రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. దేశ రాజధాని అంచున ద్వారకలోని ఆ బడిలో పదకొండేళ్లుగా సైన్సు చెబుతున్నాను. అయినా కొత్త టీచర్లకు ఆవిడ నన్ను ఇప్పటికీ "హమారీ సౌత్ వాలీ మేడమ్" అనే పరిచయం చేస్తుంది. నా పేరు ఆవిడకి తెలియక కాదు.

ఉన్న రెండు బుధవారాల్లో పిల్లలకి ఒక్క సంగతే పట్టుబట్టి చెప్పాను. అదే పని తక్కువ కరెంటుతో జరిగితేనే సామర్థ్యం, పనే మానేస్తే అది సామర్థ్యం అనిపించుకోదు. ఆ తర్వాత నలభై మందికీ ఒక పని ఇచ్చాను. వారం పాటు రోజూ పొద్దున ఎవరింటి మీటరు వాళ్లు చూసి అంకె రాసుకురావాలి. ఆ అంకెలతో పెద్ద చార్టు చేసి బడి ప్రదర్శనలో పెట్టాలని నా పంతం. కోఆర్డినేటర్‌కేమో రంగురంగుల అచ్చు పోస్టర్లు కావాలి. పిల్లలు నోటికొచ్చిన అంకెలు రాసుకొస్తారని, ఒక్కటి తప్పని తేలినా చార్టు గోడెక్కదని స్టాఫ్ రూములో అందరి ముందూ అంది.

ప్రదర్శన ఇంకా తొమ్మిది రోజులుందనగా చార్టు నింపాం. చలి మొదలై అందరిళ్లలో గీజర్లు వేస్తున్న రోజులు. అందరికంటే తక్కువ వచ్చింది ఒకమ్మాయి ఇంటికి, రోజుకి రెండు యూనిట్లు. ఆ అమ్మాయిది మా సొసైటీయే, మా ఎదురు ఫ్లాటే. రెండేళ్ల కిందట వాళ్లు దిగిన రోజున మా అంతస్తులో మిగతా రెండిళ్లకీ మిఠాయి డబ్బాలు వెళ్లాయి. నా తలుపు దాటి వెళ్లాయి. ఇంట్లో లేననుకున్నారేమో. ఉన్నాను.

ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత లెక్కల్లో చురుకైన కుర్రాడొకడు లేచాడు.

"మ్యామ్, అది తాళం వేసిన ఇల్లయి ఉంటుంది. ఫ్రిజ్ ఒక్కటే తిరుగుతోంది. పని జరగకపోతే సామర్థ్యం కాదని మీరే చెప్పారుగా."

నా పాఠం గుర్తుపెట్టుకున్నందుకు ముచ్చటేసింది. ఆ ఇంటికి చుట్టాలు కూడా రారేమోనని ఇంకెవరో అన్నారు. ఆ పిల్లేమో తమ ఇంట్లో ఐదుగురున్నారని, రెండు గీజర్లున్నాయని, తను చూసిందే రాశానని చెప్పింది. "ఝూఠీ" అని, అబద్ధాలకోరని వెనక బెంచీలు నవ్వాయి. ఆ పిల్ల కూర్చోలేదు, అలాగే నిలబడింది. నాకూ అనుమానం వచ్చి ఆమె నోటుబుక్కు తీసుకున్నాను.

ఇంటికొచ్చి టీ పెట్టుకుని ఆ బుక్కు తెరిచాను. ఆ అంకెలు నేనెరిగినవే. మీటరు రీడింగుకొచ్చే మనిషి మీద నమ్మకం లేక ప్రతి ఆదివారం పొద్దున నా మీటరు నేనే చూసి వంటింటి క్యాలెండరు మీద రాసుకుంటాను. ఆదివారం అంకె రెండు చోట్లా ఒక్కటే.

కిందికి దిగి పార్కింగులో మీటర్ల గోడ ముందు నిలబడ్డాను. అన్నీ ఒక్కలాంటివే. సొసైటీ వాళ్లు గోడకి రంగు వేయించినప్పుడు ఫ్లాట్ల నంబర్లు చెరిగిపోయాయి. మళ్లీ రాయించమని రెండుసార్లు అర్జీ పెట్టాను, పట్టించుకోలేదు. గార్డు భయ్యాని అడిగితే ఆ అమ్మాయికి తనే చూపించానన్నాడు, ఎడమనుంచి రెండోదని. గోడకి వీపు పెట్టి ఎలా చెప్పాడో కూడా చూపించాడు. ఆయన ఎడమ, ఆ పిల్లకి కుడి. ఆ పిల్ల తన ఎడమనుంచే లెక్కపెట్టుకుంది.

ఆ అమ్మాయిని పక్కకి పిలిచి చెప్పి, అంకె మార్చేసి ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఒకప్పుడు ల్యాబు తాళంచెవి నేనే పోగొట్టానని కోఆర్డినేటర్ మీటింగులో అందరి ముందూ అంది. అది ఆవిడ సొరుగులోనే దొరికాక వరండాలో ఎదురుపడి, గొంతు తగ్గించి సారీ చెప్పింది. ఆ వరండా నేను మర్చిపోలేదు. అందరి ముందూ అన్న మాట అందరి ముందే పోవాలి.

మర్నాడు క్లాసులో ఆ పిల్లని నిలబెట్టి, తను అబద్ధం రాయలేదని చెప్పాను.

"తను చూసిన అంకెలు నిజమే. మీటరు మాత్రం నాది. మీరు తాళం వేసిందన్న ఇల్లు మా ఇల్లు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ముందు బెంచీ పిల్ల ఒంటరిగా ఉంటారా అని హిందీలో అడిగింది. అవునన్నాను. లెక్కల కుర్రాడు నోటుబుక్కు మూల ఏదో గీసి తలెత్తాడు.

"మ్యామ్, తలకి ఎంతో చూస్తే మీదే ఎక్కువ. మా ఇంట్లో తొమ్మిది యూనిట్లు, ఐదుగురం. ఫ్రిజ్ ఒకరికైనా ఐదుగురికైనా అంతే తిరుగుతుంది కదా."

నేను ఒప్పుకోలేదు. బోర్డు మీద రెండుసార్లు భాగించాను. వాడిదే రైటు. చార్టులో 'ఇంట్లో ఎంతమంది' అని ఇంకో గడి గీయించాను.

కోఆర్డినేటర్ దగ్గరికి నేనే వెళ్లి జరిగింది చెప్పాను. అయితే ఆ వరస కొట్టేయమంది. ఎదురింటి అమ్మాయి సరైన మీటరు చూసి మళ్లీ రాస్తోందని, నా ఇంటి అంకె కూడా నిజమైనదేనని, నలభై ఒకటో ఇల్లుగా ఉంటుందని అన్నాను. టీచరిల్లు పిల్లల ప్రాజెక్టులో ఎందుకంది. ఇల్లే కదా అన్నాను. పీరియడంతా ఆవిడ గదిలో నేను కుర్చీ దిగలేదు. చివరికి "ఠీక్ హై, లగా లీజియే" అని పెట్టుకోమంది, తలెత్తకుండా.

ప్రదర్శన రోజు పొద్దుటినుంచీ చార్టు పక్కనే నిలబడ్డాను. ఎదురింటావిడ కూతురితో వచ్చింది. అడుగున ఉన్న వరస ఎవరిదని అడిగితే ఆ పిల్ల "ఆంటీదే" అంది. ఆవిడ నా వైపు చూసి "అచ్ఛా" అని, తమ ఇంటికి అంత ఎందుకొచ్చిందో అడిగింది. గీజరు పొద్దున రెండు గంటలు వదిలేస్తే అంతే అవుతుందని చెప్పాను. తలూపి, బొమ్మల గదివైపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఎవరో పిల్లాడి తండ్రి కళ్లజోడు సర్దుకుని చార్టంతా చదివాడు. చివరి వరసలో మనుషుల గడి మీద వేలు పెట్టి, ఒకటి పక్కన ఇంకో అంకె రాయడం మర్చిపోయారేమో, సరిచేయండి అన్నాడు.

"లేదు, సరిగానే ఉంది. ఒకటే," అన్నాను.