ఒకటిన్నర అంగుళం

పదేళ్లుగా నేనొక ఖాళీ జాగాను మోస్తున్నాను. కాగితానికి ఎడమ పక్కన వదలాల్సిన జాగా. నవ్వొస్తే నవ్వుకో. నీ పేరు నాకు తెలియదు, నా పేరు నీకు చెప్పను, అందుకే నీతో ఈ మాట అనగలుగుతున్నాను. జాలి మాత్రం పడకు. జాలిపడే మనుషులంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట.

డెబ్బైల చివర్లో హనుమకొండలో నాకు టైపు షాపు ఉండేది. ఒక మిషన్, ఒక బెంచీ, అంతే. ఎమ్మే ఆఖరు సంవత్సరం వాళ్లు తమ డిసర్టేషన్లను చేతిరాతలో తెచ్చిచ్చేవారు. కార్బన్ పేపర్లు పెట్టి నాలుగు కాపీలు కొట్టేవాణ్ణి. ఆ కట్టలు నా దగ్గర్నుంచి నేరుగా వీధి చివర బైండింగ్ చేసే సాంబయ్యకు పోయేవి. యూనివర్సిటీ వాళ్లు ఒక్క రూలు దగ్గర మాత్రం గట్టిగా ఉండేవారు. ఎడమవైపు ఒకటిన్నర అంగుళం వదలాలి. కుట్టు పడేది అక్కడే. వదలకపోతే అక్షరాలు దారం కిందికి పోతాయి, పుస్తకం ఎంత విప్పినా కనబడవు.

సుగుణది కేసముద్రం. తల్లి అక్కడి మార్కెట్ యార్డులో రాలిన గింజలు ఊడ్చి చెరిగేది. అలాంటి ఆడవాళ్లను నలభైమందిని కలిసి, వాళ్ల బతుకుల మీదే ఈ పిల్ల డిసర్టేషన్ రాసింది. ఒక్కొక్కరి సంగతీ ఎడమ అంచున ఆమె పేరుతోనే మొదలయ్యేది. ములుగులో ఒక కాలేజీ వాళ్లు ఆమెకు లెక్చరర్ పని ఇస్తామన్నారు. డిసర్టేషన్ గడువులోపల ఇచ్చినట్టు కాగితం చూపిస్తే చాలు. ఇదంతా ఆమే చెప్పింది, బెంచీ మీద కూర్చుని, సంతోషంగా.

మొదటి అధ్యాయం కొట్టిచ్చాను. మర్నాడు ఎర్ర ఇంకుతో పన్నెండు చోట్ల సున్నాలు చుట్టి తెచ్చింది. బెంచీ మీద ఇంకో నలుగురున్నారు. వాళ్ల ముందే ఒక్కొక్క తప్పూ చదివి వినిపించింది. టైపు నేర్చుకునే కొడుతున్నారా అని అడిగింది. ఆ నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. పన్నెండూ నా తప్పులే, ఒక్కటి కూడా ఆమె కల్పించలేదు. అయితే ఏం? ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. తప్పు చేసినవాడు ఇన్నాళ్లకైనా చల్లబడాలి కదా అంటావు. చల్లబడలేదు. ఆమె మీద నా కోపం నాకు అలాగే ఉంది, ఆమెకు నేను చేసింది పక్కన అలాగే ఉంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం లేదు.

తప్పులు దిద్ది మొదటి అధ్యాయం నుంచీ మళ్లీ కొడుతూ మార్జిన్ స్టాపును, అంటే వరస ఎక్కడ మొదలవ్వాలో ఆపే మీటను, ఎడమకు జరిపాను. ఎడమవైపు అర అంగుళం కూడా మిగల్చలేదు. ఆమె వచ్చి ప్రతి పేజీ చదివి చూసుకునేది. అక్షరాలనే చూసేది. తెల్లజాగాను ఎవరూ చదవరు, ఆ సంగతి టైపిస్టుకే తెలుసు. పొరపాటున జరిగిందేమోనని నన్ను నేను ఎన్నిసార్లు అడిగాను? ఒక పేజీ అయితే పొరపాటు. తొంభై పేజీలు, వారం రోజులు, రోజూ పొద్దున మిషన్ మీది గుడ్డ తీసి, స్టాపు ఎక్కడుందో చూసి, అక్కడే ఉందని తృప్తిపడి మొదలుపెట్టేవాడిది పొరపాటు ఎలా అవుతుంది?

సాంబయ్య కట్టలు చూడగానే జాగా చాలదన్నాడు. నీ పని నువ్వు చెయ్యమన్నాను. చేశాడు.

గడువుకు ఒకరోజు ముందు సుగుణ పుస్తకం పట్టుకుని వచ్చింది. వెనకే సాంబయ్య.

“ఇదేందన్నా? పేర్లన్నీ కుట్ల పోయినయి. ఒక్కదాని పేరన్న కనవడ్తలేదు. సారు ఇట్ల తీసుకోనంటాండు. రేపే ఆఖరు తారీకు.”

“నేను మంచిగనే కొట్టిన. సాంబయ్యే లోపలికి కుట్టిండు.”

ఆమె అతనివైపు తిరిగింది. “నిజమేనా సాంబయ్యా?”

సాంబయ్య నావైపు చూశాడు. నేను చెబుతానని చూశాడు. అతని చేతికొచ్చే పనంతా నా షాపు నుంచే పోతుంది. తల దించుకున్నాడు.

“ఏమో బిడ్డా. చెయ్యి జరిగిందేమో.”

ఆమె అతన్ని తిట్టలేదు. తిడితే నాకు కొంచెం సులువుగా ఉండేది. ఆ పుస్తకాన్ని బెంచీ మీద వదిలేసి వెళ్లిపోయింది. డిసర్టేషన్ వేరేచోట మళ్లీ కొట్టించుకుని తర్వాతి ఏడు ఇచ్చింది. ములుగు పని ఇంకెవరికో పోయింది. ఆ ఏడాదంతా తల్లి పక్కన యార్డులో చీపురు పట్టిందని కేసముద్రం నుంచి వచ్చిన ఒకాయన మాటల్లో అన్నాడు. నేను రిబ్బన్ మారుస్తూ విన్నాను.

సాంబయ్యకు పని ఇవ్వడం మానేశాను. నన్ను చూసినప్పుడల్లా అదే చూపు, ఆ చూపు పడలేక. అతని చేతిపని మంచిది కాదని నలుగురికీ చెప్పాను కూడా. ఏడాది తిరక్కుండా దుకాణం ఎత్తేశాడు. నీచం అనే మాట నీ నోటి దాకా వచ్చిందా? అను. నేను ఎప్పుడో అనుకున్నాను.

ఇంకా అసలు సంగతి చెప్పలేదు. అన్నింటికన్నా చివర ఆమె ఇచ్చింది కృతజ్ఞతల పేజీ. గైడుకు, తల్లికి, యార్డు ఆడవాళ్లకు. ఆ కింద నాకు. ఓపికగా, శ్రద్ధగా టైపు చేసినందుకు అని రాసి నా పూర్తి పేరు పెట్టింది. అంత గొడవైన తర్వాత కూడా. ఆ పేజీ మిషన్‌లో పెట్టేసరికి గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఊళ్లో నాకు తెలిసిన టైపిస్టులు ముగ్గురున్నారు. నలుగురం పంచుకుని కూర్చుంటే అంతా మళ్లీ కొట్టగలిగేవాళ్లం. అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అనుకుని, ఆ ఒక్క పేజీకి మాత్రం స్టాపును మళ్లీ సరైన చోటికి జరిపాను. సరిగ్గా ఒకటిన్నర అంగుళం. నా పేరు కుట్టులో పడకూడదు కదా.

ఆమె వదిలేసిన పుస్తకం నా దగ్గరే ఉంది. అదే సూది, అదే దారం. యార్డు ఆడవాళ్ల పేర్లన్నీ దారం కింద ఉన్నాయి, నా పేరు మాత్రం నిండుగా కనిపిస్తుంది. మిగిలిన మూడు కాపీలు ఆమె దగ్గరున్నాయి. ఆ పేజీ ఎప్పుడైనా విప్పిందో లేదో తెలియదు. విప్పితే తప్పెవరిదో ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

సాంబయ్య చెయ్యి జరగలేదు. మార్జిన్‌ను జరిపింది నేను.