ఆడిటోరియం కట్టాల్సిన చోట వరి

మా యూనివర్సిటీకి కొత్తగా వచ్చే పిల్లలకి ఆ చోటు ఆడిటోరియంగానే తెలుసు. ఏసీ హాలు, ఎర్ర కుర్చీలు, వేదిక వెనక పెద్ద తెర. ఫ్రెషర్స్ డే అక్కడే, స్నాతకోత్సవం అక్కడే. నేను పక్క బ్లాకులో స్టాటిస్టిక్స్ చెబుతాను. మధ్యాహ్నం క్లాసులో అందరి కళ్ళూ మూతలు పడుతుంటే ఒక్కోసారి పాఠం ఆపేసి ఈ సంగతి మొదలుపెడతాను. "ఇక్కడ వరి పండిందా మేడమ్?" అంటారు నమ్మకుండా. పండింది. నేనే కోశాను.

నేను ఇక్కడ మొదటి బ్యాచ్. విజయవాడ వన్‌టౌన్‌లో మాకు పరుపుల కొట్టు ఉంది. మా నాన్న, మా ఇంట్లో పిలిచినట్టు చెబితే అబ్బా, పగలంతా దూది మధ్యే కూర్చునేవారు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద కూడా దూది పింజలు కనిపించేవి. నాకు తెలిసిన లోకమంతా ఇరుకు సందులు, కొట్ల షట్టర్లు, కొండ మీది ఇళ్ళ దీపాలు. పొలమంటే బస్సు కిటికీలోంచి జారిపోయే పచ్చదనం, అంతే.

మేం చేరిన ఏడు క్యాంపస్‌లో ఉన్నవి రెండు బ్లాకులు, ఒక లేడీస్ హాస్టలు, ఓ మెస్సు. మిగతాదంతా రాబోయే వాటి గుర్తులే. నేల మీద సున్నంతో గీసిన గీతలు, మేకులకు కట్టిన తాళ్ళు, "లైబ్రరీ", "ఆడిటోరియం" అని రాసి పాతిన రేకు బోర్డులు. ముందటేడు వరకూ అదంతా వరి పొలం. వానలు మొదలయ్యాక నీళ్ళు ఎక్కడికి పోవాలో తెలియక బ్లాకుల చుట్టూ నిలబడిపోయేవి. పొద్దున్నే కిటికీ తీస్తే మా క్లాసులు తలకిందులుగా నీళ్ళలో కనిపించేవి. ఎక్కడో మబ్బుల వెనక గన్నవరంలో దిగబోయే విమానం చప్పుడు మాత్రం వినిపించి వెళ్ళిపోయేది. కప్పల అరుపుల మధ్య లెక్చరర్ల గొంతులు ఎక్కడో దూరంగా ఉన్నట్టుండేవి. ఆ మొదటి నెలల్లో నేను నిజంగా మేలుకునే ఉన్నానా అని చాలాసార్లు అనుమానం వచ్చేది.

నా గదిలో ఉండే అమ్మాయిది మచిలీపట్నం అవతల సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న పడవ మీద వేటకి వెళ్తారు, అమ్మ చేపలమ్ముతుంది. మా ఇద్దరికీ పొలం పని తెలియదు. అయినా ఒకరోజు పొద్దున మెస్సుకి వెళ్తుంటే తను ఆడిటోరియం బోర్డు దగ్గర ఆగిపోయింది.

"ఒసేయ్, ఇటు రా. ఇది గడ్డి కాదేమో."

వంగి చూశాను. నాకు గడ్డిలాగే ఉంది.

"గడ్డి కాదమ్మా, వరే," అన్నారెవరో వెనకనుంచి.

ఆయన్ని అంతకుముందు కూడా చూశాం. పంచెకట్టు, భుజం మీద తువ్వాలు, కాళ్ళకు మాత్రం తెల్లటి వాకింగ్ బూట్లు. పక్క ఊరి పెద్దాయన. డాక్టరు నడవమన్నాడని, రోడ్డు మీద లారీల భయమని, రోజూ పొద్దున్నే క్యాంపస్‌లో నడిచేవారు. సెక్యూరిటీ వాళ్ళు ఆపేవాళ్ళు కాదు.

"ఎవరు నాటారు తాతగారూ?" అన్నాను.

"ఎవురూ నాటలా. పోయిన పంట మిషన్‌తో కోయించారు. మిషన్ కోత గదా, గింజ రాలుద్ది. వాన తగిలేసరికి లేచింది."

"మీ పొలమా ఇది?"

"నాదే. అమ్మేశాగా. ఎవురి బలవంతమూ లేదులే, ఇష్టపడే అమ్ముకున్నా." ఆ మాట అంటూనే ఆయన చూపు మొక్కల మీదికి పోయింది. "ఇట్టా వదిలేస్తే పనికిరాదు. ఒత్తుగా ఉన్నకాడ పీకి, పల్చగా ఉన్నకాడ పెట్టాలి."

"పెడితే పండుద్దా?" అంది నా స్నేహితురాలు.

"పండితే పండుద్ది. నేల మారలేదు గదమ్మా. అయినా మీకెందుకు, చదువుకోక?"

మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి ఆ బూట్లు రెండూ గట్టు మీద ఉన్నాయి. ఆయన మోకాలి దాకా పంచె ఎగ్గట్టి బురదలో ఉన్నారు. నా స్నేహితురాలు చెప్పులు విప్పేసి దిగిపోయింది. నేను చాలాసేపు గట్టు మీదే నిలబడ్డాను. చివరికి దిగితే, బురద వేళ్ళ సందుల్లోంచి చల్లగా పైకి వచ్చి నా పాదాన్ని మెత్తగా పట్టుకుంది. ఒళ్ళంతా నిద్రలాంటి హాయి. అబ్బా అమ్మే పరుపుల్లో అంత మెత్తనిది ఒక్కటీ లేదనిపించింది.

వారం తిరక్కుండా మా క్లాసు సగం అక్కడే ఉంది. ఎవరూ పిలవలేదు. తొమ్మిదింటి క్లాసులో వెనక బెంచీల కింద బురద కాళ్ళ గుర్తులు కనిపించేవి. పెద్దాయన మమ్మల్ని మెచ్చుకునేవారు కాదు. "వరి పీకి ఊద ఉంచావే తల్లీ," అని నన్ను రోజుకోసారి అనేవారు. ఊద అంటే వరిలో పెరిగే కలుపు. చాలా రోజుల వరకూ నాకు రెండూ ఒక్కలాగే కనిపించాయి.

దసరా సెలవులైపోయి తిరిగొచ్చేసరికి ఆ చోటు రూపమే మారిపోయింది. నడుము ఎత్తు చేను, రెండు వాలీబాల్ కోర్టులంత మేర. గాలి వీస్తే కాంక్రీటు గోడల మధ్య ఓ పచ్చటి అల ఇటునుంచి అటు వెళ్ళి గోడకు తగిలి ఆగిపోయేది. లెక్కల క్లాసు కిటికీలోంచి దాన్ని చూస్తూ ఎన్ని గంటలు పోగొట్టుకున్నానో.

అప్పుడే తనిఖీ కమిటీ వస్తోందని తెలిసింది. మా యూనివర్సిటీకి గుర్తింపు ఇవ్వాలా వద్దా అని చూడటానికి వచ్చే పెద్దలు. రిజిస్ట్రారు గారు క్యాంపస్ అంతా తిరిగి, ఆ చేను కోసేసి పచ్చిక పరవమని తోట కాంట్రాక్టరుకి చెప్పారు. ఆ మాట వినగానే మేం పదిమందిమి ఆయన గది ముందు నిలబడ్డాం.

"యూనివర్సిటీ అనుకుంటున్నారా, పొలం అనుకుంటున్నారా?" అన్నారాయన కళ్ళజోడు తీసి.

"ఇంకో నెలాగండి సార్, కోతకొచ్చేస్తది," అంది నా స్నేహితురాలు.

"నెలా? కమిటీ వచ్చేది సోమవారం!"

"ఒక్కసారి వచ్చి చూడండి సార్," అన్నాను నేను. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో.

ఎందుకో లేచి వచ్చారు. గట్టు వెంట ఆ చివరిదాకా నడిచారు. తర్వాత వంగి ఒక కంకి వంచి, గింజని బొటనవేలి గోరుతో నొక్కారు. తెల్లటి పాలు ఆయన వేలి మీదికి వచ్చాయి.

"పాలు పోసుకుంటోంది," అన్నారు, మాతో కాదు. తర్వాత మావైపు తిరిగి, "మాది చల్లపల్లి దగ్గర. చిన్నప్పుడు బడికి పోతూ ఇలాగే నొక్కి, పాలు నాక్కుంటూ పోయేవాళ్ళం," అన్నారు.

కాంట్రాక్టరుని పిలిచి చేను చుట్టూ ఆకుపచ్చ పరదా కట్టమన్నారు, కట్టడాల చుట్టూ కడతారే, అలాంటిది. కమిటీ వచ్చింది, చూసింది, వెళ్ళింది. "నిర్మాణంలో ఉంది సార్," అని మా రిజిస్ట్రారు గారు ఆ పరదా పక్కనుంచే వాళ్ళని నడిపించుకుపోయారు.

నవంబరు చివర్లో చేను పసుపెక్కింది. పొద్దుటి మంచులో కంకులు కనిపించేవి కావు, వాటి బరువైన రాపిడి మాత్రం వినిపించేది. సెమిస్టరు పరీక్షలు మొదలయ్యాయి. రెండో పరీక్ష రోజు పొద్దున నా స్నేహితురాలికి వాళ్ళ నాన్న ఫోను చేశారు. వాయుగుండమట, పడవలన్నీ ఒడ్డుకి లాగేశారట. "రేపు సాయంత్రానికల్లా మీవైపూ కొడుద్ది, తడవకుండా ఉండు అమ్మాయ్," అని చెప్పారట.

ఆ మాట పెద్దాయనకి చెప్పాం. ఆయన ఆకాశం కేసి చూసి, "పరీక్షలు రాసుకోండి. పోతే పోద్ది," అన్నారు. కానీ వెళ్తూ వెళ్తూ రెండుసార్లు ఆగి చేను కేసి చూశారు.

మర్నాడు మధ్యాహ్నం పరీక్ష హాల్లోంచి బయటికొచ్చిన వాళ్ళం వచ్చినట్టే చేలోకి దిగాం. జేబుల్లో హాల్ టికెట్లు, చేతుల మీద సిరా. పెద్దాయన ఊళ్ళో ఇళ్ళిళ్ళూ తిరిగి కొడవళ్ళు పట్టుకొచ్చారు. అందరికీ చాలక వంతులు వేసుకున్నాం.

"గుప్పిట్లోకి తీసుకో. నీవైపు లాగి కొయ్. కంగారు పడితే వేలు పోద్ది," అని నా చెయ్యి పట్టుకుని చూపించారు. మొదటి గుప్పెడు ఆయనే కోశారు. దాన్ని గుండెకి ఆనించుకుని, అలాగే గట్టు మీద కూర్చుండిపోయారు. నేను మంచినీళ్ళు తీసుకెళ్ళాను.

"ఆయాసమా తాతగారూ?"

తల అడ్డంగా ఊపారు. "ఆఖరి పంట కోసినప్పుడు నేను లేనమ్మా. గుండె పట్టేసి బెజవాడలో ఆసుపత్రిలో పడున్నా. లేచి వచ్చేసరికి మోళ్ళే మిగిలినయ్. నలభై ఏళ్ళు చేశా దీన్ని. ఆఖరిసారి కళ్ళతో చూసుకోలా."

పక్కన కూర్చున్నాను. ఆయన నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "పద పద, మబ్బు దిగుతోంది," అంటూ లేచారు.

కోసిన వరి పనలన్నీ ల్యాబ్ బ్లాకు వరండాలోకి చేర్చేసరికి మొదటి చినుకులు పడ్డాయి. ఆ పనల మధ్య ఒకరి భుజం మీద ఒకరం తల వాల్చుకుని వాన చూశాం. ముసురుపట్టిన ఆ రెండు రోజులూ వరండా అంతా తడిమట్టి, పచ్చిగడ్డి కలిసిన వాసన. పరీక్షకి చదివిందంతా ఆ వాసనలోనే చదివాను. అందుకేనేమో, ఇప్పటికీ ప్రాబబిలిటీ చెబుతుంటే నాకు గడ్డి వాసన వేస్తుంది.

వాన వెలిశాక పనల్ని విరిగిన బెంచీల మీద కొట్టి గింజ రాల్చాం, ఎండబెట్టి ఊళ్ళో మిల్లుకి పంపాం. ఆ తర్వాతి వేసవిలోనే ఆడిటోరియం పునాదులు తవ్వారు. మాకెవరికీ అడ్డుచెప్పాలనిపించలేదు, పెద్దాయనకీ అనిపించినట్టు లేదు. ఇప్పటికీ నడకకి వస్తారు, కాకపోతే సగం దూరమే. నా స్నేహితురాలు మత్స్యశాఖలో ఉద్యోగం చేస్తోంది. నేను చదువైపోయాక వేరే ఊళ్ళు తిరిగి మళ్ళీ ఇక్కడికే వచ్చాను.

ఆ ఏడు పరీక్షలైపోయిన రోజు మెస్సులో మా చేని బియ్యమే వండారు. కొత్త బియ్యం కదా, అన్నం మెత్తగా ముద్దయిపోయింది. పప్పు, గోంగూర, పెరుగు. రిజిస్ట్రారు గారు కంచం పట్టుకుని మా వరసలోనే నిలబడ్డారు. పెద్దాయన కంచం ఖాళీ చేసి, రెండోసారి పెట్టించుకున్నారు.

నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి అబ్బా అప్పుడే వచ్చారు. ఆయన్నీ కూర్చోబెట్టి వడ్డించాం. తిన్నాక పెద్దాయన అడిగారు: "తమరేం చేస్తుంటారండీ?"

"పరుపుల కొట్టండీ, వన్‌టౌన్‌లో."

"అట్టాగా! అయితే మా పరుపు కూడా ఓసారి చూడండి," అంటూ అబ్బాని ల్యాబ్ బ్లాకు వరండాలోకి తీసుకెళ్ళారు. గింజ రాల్చిన గడ్డి అక్కడ గుట్టగా పోసి ఉంది. అబ్బా కొట్లో సరుకు చూసినట్టే అరచేత్తో నొక్కి చూశారు, ఇంకోచోట నొక్కారు. కూర్చున్నారు. కాసేపటికి వెనక్కి వాలారు.

"బాగుందండీ," అన్నారు కళ్ళు మూసుకుని.

అంతే, నిద్రపోయారు. పగటిపూట ఆయన నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. లేపబోతే పెద్దాయన వేలు పెదాల మీద పెట్టుకుని నన్ను ఆపారు. రెండు గంటల బస్సు వెళ్ళిపోయింది, మూడింటిదీ వెళ్ళిపోయింది. నా స్నేహితురాలూ నేనూ వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాం. చలికాలపు ఎండ మా పాదాల దాకా వచ్చి ఆగింది. వెనక అబ్బా ఊపిరి నెమ్మదిగా, ఒకే లయలో వినిపిస్తూనే ఉంది.